ఈ పేజీ అయ్యాక

"వద్దంటే మానేస్తాను నాన్నా, ఒట్టు. కానీ ఊరికే వద్దంటే కుదరదు. ఎందుకు వద్దో చెప్పాలి" అని దెనిత్సా కారు దిగుతూ అన్న మాట కామెన్ చెవిలో ఇంకా అలాగే ఉంది. కారుకి తాళం వేస్తున్నప్పుడు ఉంది, సైనిక కార్యాలయం మెట్లెక్కుతున్నప్పుడు ఉంది, ఇప్పుడీ నడవాలో గోడవారగా వేసిన చెక్కబల్ల మీద కూలబడ్డాక కూడా ఉంది. ఆ గోధుమరంగు తలుపు తోసుకుని కూతురు లోపలికి వెళ్ళి ఎంతోసేపు కాలేదు. ముందు కాగితాలు చూస్తారట, తరవాత ఒక అధికారి కూర్చోబెట్టి మాట్లాడతాడట, అన్నీ కుదిరితే ఒప్పందం ముందు పెట్టి కలం చేతికిస్తారట. "ఓ గంట పడుతుందిట. సంతకం పెట్టేముందు బయటికొస్తాను. అప్పుడు చెప్పు. ఏం చెప్పలేదంటే నీకు ఇష్టమే అనుకుంటాను" అంటూ కోటు విప్పి తండ్రి ఒళ్ళో పడేసి, దాని మీద ఒక లావుపాటి పుస్తకం పడేసి, జడ సర్దుకుంటూ వెళ్ళిపోయింది. గంటట. పిల్ల పాలు తాగే వయసు నుంచీ గొంతులో అడ్డంపడి ఉన్న మాటని బయటికి తీయడానికి గంట గడువిచ్చింది. పైగా అదేదో ఉదారంగా ఇచ్చినట్టు.

తెల్లవారకముందే లేచి బుర్గాస్‌కి బస్సు తోలి, మళ్ళీ యాంబోల్ తీసుకొచ్చి, డిపోలో పెట్టి, మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా వచ్చాడు. కళ్ళు మండుతున్నాయి. నడుములో ఎప్పుడూ ఉండే నొప్పి ఇవాళ మోకాలిదాకా దిగింది. నడవా చివర కాఫీ మిషన్ ఉంది కానీ అక్కడిదాకా నడవబుద్ధి కావడం లేదు, ఈ అలసట కాఫీకి పోయేది కాదు, నిద్రకీ పోయేది కాదు, నిద్ర లేచేసరికి మంచం పక్కనే కాచుక్కూచుని ఉంటుంది, పద పద అంటుంది. భార్య నెవేనా కూడా పొద్దున్నే ఫోన్ చేసి పద పద అంది. "చూడు కామెన్, నేను నోరు తెరిస్తే గొడవవుతుంది, నీకు తెలుసు. నువ్వే చెప్పు. అక్కడికెళ్ళి ఉండొచ్చినవాడివి నువ్వు. టికెట్టు కొనని వెధవతో స్టాపు స్టాపుకీ వాదిస్తావే, కన్నకూతురితో రెండు ముక్కలు మాట్లాడలేవా?" చెప్తానన్నాడు. ఏం చెప్తావంది. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాడు. సిగ్నల్ బాగానే ఉంది, కార్నొబాత్ దాటాక ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఏం చెప్పాలో ఇప్పుడు ఆలోచించాలి, వరసలో పెట్టుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోవాలి. ఇసుకతో మొదలుపెట్టాలా, స్తొయిల్‌తో మొదలుపెట్టాలా. మొదటి మాట దొరికితే మిగతావి వస్తాయి. మొదటి మాటే ఇన్నేళ్ళుగా దొరకలేదు.

ఒళ్ళో పుస్తకం బరువుగా ఉంది. దీన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది అతనికి. అట్ట మీద బూడిదరంగు ఓడ, దాని కింద తెల్లగా చందమామ ముక్క, ఇనప కవచాలు తొడుక్కుని తుపాకులు పట్టుకున్న మనుషులు. వెన్ను మీద రెండుచోట్ల టేపు అంటించి ఉంది. ఎన్నిసార్లు చదివితే అలా అవుతుంది పుస్తకం! మొన్న సెప్టెంబరులో ఇంటిల్లిపాదీ పెరట్లో కూర్చుని చలికాలానికని ఎర్ర బుంగమిరపకాయలు కాలుస్తుంటే, కాల్చే కుండ దగ్గర కూర్చోమని పిల్లకి పని చెప్తే, ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో ఈ పుస్తకం. మిరపకాయ బొగ్గయిపోయి పొగ పక్కింటిదాకా వెళ్ళినా తల ఎత్తలేదు. నెవేనా అరిస్తే "ఒక్క పేజీ అమ్మా, ఈ పేజీ అయ్యాక" అంది. దీనివల్లే ఎక్కింది పిచ్చి. లేకపోతే ఫార్మసీ చదువు సగంలో ఆపి సైన్యంలోకి పోతానని ఏ ఆడపిల్లంటుంది, ఏ మగపిల్లాడు మాత్రం అంటున్నాడు ఈ రోజుల్లో, అందరూ జర్మనీ వెళ్ళి పెట్టెలు మోసుకుంటున్నారు. కామెన్‌కి అప్పుడు ఒక ఉపాయం తట్టింది. తెరిచి చూద్దాం. ఏదో ఒక పేజీలో ఏదో ఒక అబద్ధం ఉండకపోదు. దాని మీద వేలు పెట్టి, ఇదిగో, ఇలా ఉండదక్కడ, ఈ రాసినవాడికేం తెలీదు, ఇది నమ్మి నువ్వు పోతానంటున్నావు అనొచ్చు. అదీ కారణమే కదా. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు.

మొదటి పేజీలో పన్నెండుమంది ఒక ఓడ కడుపులో కూర్చుని ఉన్నారు. ఎక్కడికో వెళ్తున్నారు, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. సూప్ వచ్చింది. నిన్నటి సూపే. ఒకడు, ఇందులో మాంసం ఉందా అనడిగితే, ఉంది, నీ వేలు తీసి చూసుకో అంటుంది ఇంకొకతె. రెండో పేజీలో కూడా కూర్చునే ఉన్నారు. మూడో పేజీలో ఒకడు బూటు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు, చేసే పనేం లేక. కామెన్‌కి చిన్న అనుమానం మొదలైంది. తుపాకులేవి, పేలుళ్ళేవి, అట్ట మీద చూపించినవన్నీ ఏవి? వెనకాల పేజీలు తిప్పి చూశాడు, ఉన్నాయి, ముందుకెళ్తే ఉన్నాయి, కానీ ఇక్కడ మాత్రం ఊరికే కూర్చోవడం గురించి రాస్తున్నాడు వీడు, కవచం లోపల చెమటకంపు గురించి, చంకలో దురద పుడితే గోక్కోలేకపోవడం గురించి, పక్కవాడు రోజూ చెప్పే ఒకే ఒక్క జోకు గురించి, ఆ జోకు మీద అందరికీ విసుగొచ్చి, చివరికి అతను చెప్పకపోతే బెంగపెట్టుకోవడం గురించి. ఈ రాసినవాడు ఎప్పుడో ఎక్కడో కాపలా కాసి ఉంటాడు. లేకపోతే కాసినవాడి పక్కన కూర్చుని విని ఉంటాడు. ఓడ చందమామల మధ్య పోతే పోయింది, ఆకాశంలో రెండు సూర్యుళ్ళుంటే ఉన్నాయి, ఆ చంకలో దురద మాత్రం నిజం.

అక్కడ కూడా అంతే. తను సిపాయిగా వెళ్ళిన ఇసుక దేశంలో. యుద్ధమని వెళ్ళారు, వెళ్ళి కూర్చున్నారు. రొట్టెలో ఇసుక, పరుపులో ఇసుక, పళ్ళ మధ్య ఇసుక. మంచినీళ్ళు టీలా వేడిగా ఉండేవి. పేకాట, పేకాట తరవాత నిద్ర, నిద్ర తరవాత కాపలా, కాపలాలో ఇంటి గురించి ఆలోచన, ఏడాది నిండని దెనిత్సా గురించి, పాకిందా లేదా, పళ్ళొచ్చాయా లేదా. స్తొయిల్ పక్క మంచం. చర్చిలో పిల్లకి బాప్తిస్మమిప్పించిననాడు దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి వాడే. పిల్ల వాడి టై అందుకుని నోట్లో పెట్టుకుంటే పూజారి మంత్రం మధ్యలో ఆపి మరీ నవ్వాడు. "ఒరే కామెన్, ఇక్కడ శత్రువు ఈగేరా. నేను పన్నెండింటిని చంపాను, నాకో పతకం రాయించు" అనేవాడు స్తొయిల్. పాడేవాడు, గాడిదకన్నా ఘోరంగా. ఆ ఘోరమైన పాట లేకపోతే అక్కడ ఎవరికీ నిద్రపట్టేది కాదు. ఇవన్నీ చెప్పొచ్చుగా పిల్లకి. చెప్పొచ్చు, ఇవన్నీ హాయిగా చెప్పొచ్చు, కానీ ఇవి చెప్తే తరవాతేమైంది అంటుంది. స్తొయిల్ బాబాయ్ ఎలా పోయాడు అంటుంది. చిన్నప్పుడు అడిగేది. తరవాత అడగడం మానేసింది. ఆ తరవాతే ఈ పుస్తకాలు పట్టింది, ఇప్పుడు చూస్తే రెంటికీ మధ్య పెద్ద ఎడం కూడా లేదు.

తలుపు వైపు చూశాడు. లోపల ఎవరో నవ్వారు, కుర్చీ జరిగింది. ఇంకా టైముంది. ఈ పేజీ అయ్యాక ఆలోచిద్దాం అనుకున్నాడు, ఎందుకంటే పుస్తకంలో అప్పుడే ఎర్రదీపం వెలిగింది, పన్నెండుమందీ లేచి నిలబడ్డారు. అందులో ఇవ్రా అని ఒక పిల్ల ఉంది, ఇదే మొదటిసారి దానికి, మోకాళ్ళు వణుకుతున్నాయి, కవచం బరువుగా ఉండబట్టి ఎవరికీ తెలీడం లేదు. తోల్ అని ఒక ముసలి సార్జెంటు వరసగా ఒక్కొక్కరి పట్టీ లాగి చూసుకుంటూ వస్తున్నాడు. ఇవ్రా దగ్గరికొచ్చి పట్టీ లాగి, బాగానే ఉన్నా మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాడు. వాడికి తెలిసింది. తరవాతి పట్టీ దగ్గరికెళ్ళాడు. కామెన్ ఆ వాక్యం మళ్ళీ చదివాడు. ఛీ, ఏమిటిది, కట్టుకథ. ఓడ తలుపులు తెరుచుకున్నాయి. కింద తెల్లటి మంచు నేల. దూకారు.

ఈ ఓడ సంగతి కూడా వింతగా ఉంది. దాన్ని అందరూ అవ్వ అంటారు, అది మాట్లాడుతుంది, కవచాలన్నిట్లో దాని చెవులున్నాయి. కింద ఎవరు ఏమన్నా వింటుంది, ఎవరి గుండె ఎలా కొట్టుకున్నా వింటుంది. ఎవరైనా పోతే వాళ్ళ చివరి మాట తన దగ్గర పెట్టుకుంటుంది. దానికి ఒక చట్టం ఉంది: అబద్ధం చెప్పలేదు. యుద్ధమయ్యాక ఒక్కొక్క ఇంటికీ తనే వెళ్ళి, గుమ్మం ముందు దిగి, మీవాడు ఇలా పోయాడని ఉన్నదున్నట్టు చెప్పాలి. భయపడి పోతే భయపడి పోయాడనాలి, తిట్టుకుంటూ పోతే తిట్టుకుంటూ అనాలి. అందుకే సిపాయిలకి శత్రువు కన్నా అవ్వంటే భయం ఎక్కువ. ఈ ముక్క చదవగానే కామెన్ పుస్తకం కొంచెం దూరంగా పట్టుకుని అట్ట వైపు మళ్ళీ చూశాడు. ఓహో. ఇదా సంగతి. అబద్ధం చెప్పలేని ఓడ. ఇందుకా టేపులంటించేదాకా చదివింది. ఇక్కడ కాసేపు ఆగి ఏదో ఆలోచించవలసింది, కానీ మంచులో ఇవ్రా కవచానికి వేడి ఆగిపోయింది, పక్కనే తోల్ ఉన్నాడో లేడో తెలీదు, పేజీ తిప్పాడు.

"కాళ్ళెత్తు." ఎత్తాడు. తడిగుడ్డ కర్ర బల్ల కిందికెళ్ళి వచ్చింది. "దించుకోవచ్చు." దించలేదు. నేల తుడిచే ఆవిడ ముందుకెళ్ళిపోయి వెనక్కి చూసి, "ఓ బాబూ, దించుకోవయ్యా, నేనేం శిక్ష వెయ్యలేదు నీకు" అంటే అప్పుడు దించాడు, తల మాత్రం ఎత్తలేదు. మంచు గుంటలో తొమ్మిదిమంది మిగిలారు. తోల్ ఉన్నాడు. ఎంత హాయిగా అనిపించిందంటే, సొంత మనిషెవరో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినట్టుంది. ఎన్నేళ్ళయింది ఇలాంటిది. బస్సు తోలేటప్పుడు రోడ్డు మీద కళ్ళు, వెనక అద్దంలో కళ్ళు, గడియారం మీద కళ్ళు, ఇంటికొస్తే గ్యాసు బిల్లు, అత్తగారి మందులు, బుర్రలో ఎప్పుడూ పది గొంతులు, ఇప్పుడు అవన్నీ ఊరుకున్నాయి. ఒకటే గొంతు, తరవాతేమైంది అంటోంది. నడుం నొప్పి కూడా ఎక్కడికో పోయింది. ఈ పుస్తకంలో అలసట ఉంది, ఘోరమైన అలసట ఉంది, కానీ అది ఎక్కడికో చేరుస్తుంది. మంచులో ఒక్కొక్క అడుగూ ఎందుకో వాళ్ళకి తెలుసు. ఎవరైనా పడిపోతే ఎందుకు పడిపోయారో తెలుసు. అదే అసూయగా ఉంది కామెన్‌కి, ఈ లేని మనుషుల మీద, ఈ కాగితం మనుషుల మీద. వాళ్ళు దేనికోసమో పోతారు.

అనుకుంటూండగానే ఒకడు పోయాడు. రోజూ ఒకే జోకు చెప్పేవాడు. ఇవ్రాని గుంటలోకి తోసి, తను బయట ఉండిపోయి, వెనక నుంచి వచ్చినదాన్ని ఆపి, జోకు సగం చెప్పి పోయాడు. ఇవ్రా చూసినట్టుగా అరపేజీ. అందంగా ఉంది. కామెన్‌కి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఇదిగో, దొరికింది, ఇదే అబద్ధం, దీని మీదే వేలు పెట్టాలి. జోకులు చెప్పేవాడు ఇలా పోడు తల్లీ. జోకులు చెప్పేవాడు పుచ్చకాయ కోసం వెళ్ళి పోతాడు. రోడ్డు పక్కన రైతు పుచ్చకాయలు పోసుక్కూర్చుంటే, ఆ ఎండలో వాటిని చూసి నోరూరి, ట్రక్కు ఆపించి, రెండు కొని, చంకకొకటి పెట్టుకుని, ట్రక్కు ఎక్కి నిలబడి పాట ఎత్తుకున్నాడు స్తొయిల్. దిగిరా వెధవా కూర్చో అంటే, పుచ్చకాయలతోనే కిందికి దూకబోయాడు. బూటు ఇనప మెట్టులో ఇరుక్కుంది. తల రాయి మీద పడింది. తుపాకీ లేదు, శత్రువు లేడు, ఈగ కూడా లేదు. ఒక కాయ పగిలింది, ఒకటి పగల్లేదు. వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, నవ్వుతూనే వెళ్ళాడు, ఆ కాయ జాగ్రత్తరోయ్ అన్నాడు. ఏం కాదులే అనుకుని, ఆ ఎండకి ఆగలేక, సాయంత్రం అందరూ కూర్చుని ఆ రెండోది కోసుకుని తిన్నారు. కామెన్ రెండు ముక్కలు తిన్నాడు. తియ్యగా ఉంది. చేతులు జిగురుజిగురుగా ఉండగానే కబురొచ్చింది. వేసవిలో ఇంట్లో అందరూ తెల్ల జున్నుతో పుచ్చకాయ తింటుంటే తను లేచి పెరట్లోకి వెళ్ళిపోతాడు, నాన్నకి పడదు అనుకుంటుంది దెనిత్సా.

ఊరంతా వేరే కథ. దాడిలో పోయాడని రాసింది పైవాళ్ళు, దయతోనే రాశారు, ముసలి తల్లికి ఏదో ఒకటి దక్కాలని. కాగితానికి నల్ల అంచు, మధ్యలో టోపీ పెట్టుకున్న ఫొటో, కింద "విధి నిర్వహణలో వీరమరణం పొందిన" అన్న ముక్క. చనిపోయినవాళ్ళకి ఆ ఊళ్ళో అందరూ అంటించినట్టే ఏడాదికోసారి ఆ కాగితాలు అంటించేవారు, ఇంటి తలుపుకి, కరెంటు స్తంభాలకి, బస్‌స్టాపులకి, చర్చి గోడకి. స్తొయిల్ తల్లి దోబ్రా అవ్వకి మోకాళ్ళు పనిచెయ్యక కామెనే అంటించేవాడు. చిన్న దెనిత్సా టేపు పట్టుకుని పక్కన నడిచేది, పళ్ళతో కొరికి ముక్కలిచ్చేది, అక్షరాలు వచ్చాక పైకి చదివేది: వీ-ర-మ-ర-ణం. అలా నేర్చుకుంది చదవడం. అవ్వకి నిజం తెలుసు. మొదటి ఏడాదే కామెన్ వెళ్ళి చెప్పబోతే చెయ్యి నోటికి అడ్డంపెట్టి, "నాకు తెలుసు నాయనా, వాడెలాంటివాడో నేనెరగనా. వాడు పడి పోయుంటాడు, లేకపోతే తిని పోయుంటాడు. ఊళ్ళోవాళ్ళకి చెప్పకు. నేనున్నన్నాళ్ళూ ఇలాగే ఉండనీ" అంది. ఉండనిచ్చాడు. అవ్వ కిందటి చలికాలంలో పోయింది. ఇంక అడ్డంలేదు. నోటికి అడ్డంపెట్టిన చెయ్యి ఇంక లేదు, అయినా నోరు రాలేదు, ఎందుకంటే పుచ్చకాయ ఒక కారణమా? పుచ్చకాయ కోసం యాంబోల్‌లో కూడా పోవచ్చు మనిషి. కానీ పిల్ల పోతానంటున్నది సైన్యంలోకి కాదు, ఆ స్తంభాల మీది కాగితంలోకి. అది వినాలి. ఈ పేజీ అయ్యాక, తప్పకుండా, తలుపు తెరుచుకోగానే.

ఆ పేజీలో యుద్ధం అయిపోయింది. ఎంత తొందరగా అయిపోయింది! అలా ఆపేశాడేమిటి అనుకుంటే, అప్పుడు మొదలైంది అసలు కథ. మిగిలిన ముగ్గురినీ ఎక్కించుకుని అవ్వ ఇల్లిల్లూ తిరుగుతోంది. జోకు చెప్పేవాడి ఇంటికి బయల్దేరింది. దారంతా ఇవ్రా బతిమాలుతోంది. చెప్పకు అవ్వా, అతను నన్ను తోసింది కాపాడటానికి కాదేమో, కాలు జారి తగిలాడేమో, నాకు ఇప్పటికీ తెలీదు, నీకు తెలుసు కదా, ఏదైనా సరే ఆవిడకి మంచిగా చెప్పు. ఎలా తెలుసు వీడికి, ఈ రాసినవాడికి, ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని, వాడి పేరు కూడా పలకడం రాదు తనకి. జారాడా! తోశాడా! ఓడ కొండలు దాటుతోంది, ద్రాక్షతోటలు దాటుతోంది, ఆ కొండలు యాంబోల్ బయటి కొండల్లా, ఆ ఇల్లు దోబ్రా అవ్వ ఇల్లులా కనపడుతోంది అతనికి, పెరట్లో తీగెకి ఆరేసిన దుప్పటి, గుమ్మంలో ముక్కాలిపీట. దిగుతోంది ఓడ. దాని నీడ పెరటి మీద పడింది. పేజీ మీద కూడా నీడ పడినట్టు మసగ్గా ఉంటే, కాస్త పక్కకి జరిపి వెలుతురు పట్టుకున్నాడు. ఎక్కడో ఎవరో ఏదో అంటున్నారు, నడవాలో ఎప్పుడూ ఎవరో ఏదో అంటూనే ఉంటారు. తల్లి బయటికొచ్చింది. చెయ్యి తుడుచుకుంటోంది. పైకి చూసింది. నువ్వేం చెప్పడానికొచ్చావో నాకు తెలుసు, అయినా చెప్పు, అంది ఓడతో, ఇన్నాళ్ళూ అందరూ నా మీద జాలిపడి నాకు నా కొడుకుని ఇవ్వలేదు, నువ్వివ్వు. అవ్వ చెప్పింది. జారాడు, అంది. జారి, లేవబోయి, నిన్ను తలుచుకోలేదు, రాత్రి సూప్ గురించి ఒక తిట్టు తిట్టాడు, అదీ చివరి మాట. తల్లి అలా నిలబడి, నిలబడి, నవ్వింది. వాడే, అంది. వాడే, నా కొడుకే.

కామెన్ పుస్తకం మూశాడు. కళ్ళజోడు తీశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, ఉండనీ, నిద్రలేకపోతే అలాగే ఉంటాయి. ఎదురుగోడ మీద లేతపచ్చ సున్నం, కిటికీ అవతల ఎండలో పసుప్పచ్చటి ఆకులు, ఎవరో గుప్పెడు పొద్దుతిరుగుడు గింజల పొట్టు కిటికీగట్టు మీద వదిలేసి పోయారు. అంతా చాలా స్పష్టంగా ఉంది. మొదటి మాట దొరికింది. ఇన్నేళ్ళకి, ఇంత సులువుగా. దెనీ, మీ స్తొయిల్ బాబాయ్ పుచ్చకాయలు కొనుక్కోవడానికి ట్రక్కు ఆపించాడు. అంతే. ఆ ఒక్క వాక్యం అంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి, పాట, బూటు, రాయి, తను తిన్న రెండు ముక్కలు, తియ్యగా ఉండటం. వద్దని కూడా అనక్కర్లేదు. చెప్పి ఊరుకుంటే చాలు. పిల్ల తెలివైనది, అబద్ధం చెప్పలేని ఓడ కోసం ఇన్నేళ్ళు వెతుక్కుంది, దానికి అర్థమవుతుంది. ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇక్కడే, పక్కన. కోటు మడిచి పక్కన పెట్టి చోటు చేశాడు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. అలసట ఉంది, కానీ ఇల్లు చేరేముందు ఉండే అలసట అది.

తలుపు తెరుచుకుంది. దెనిత్సా బయటికొచ్చింది. కామెన్ లేచి నిలబడ్డాడు.

"దెనీ, ఇలా కూర్చో. చెప్తాను."

"అయిపోయింది నాన్నా!" అంది ఆమె. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైపోయింది?"

"సంతకం. వచ్చే నెల మొదట్లో వచ్చేయమన్నారు. ఆయన చాలా మంచాయన, నన్నేమీ భయపెట్టలేదు."

"బయటికొస్తానన్నావు కదమ్మా. ముందు బయటికొస్తానన్నావు."

"వచ్చాను." నవ్వింది. "నీ ముందే నిలబడ్డాను. నాన్నా అన్నాను, ఇంకోసారి కూడా అన్నాను. నువ్వు పుస్తకం కాస్త పక్కకి జరుపుకున్నావు, నేను వెలుతురుకి అడ్డమొచ్చానని!"

నడవా చివర బకెట్టు మోసుకుపోతున్న ఆవిడ ఆగింది. "నిజమే బాబూ. పిల్ల ఎంతసేపు నిలబడిందో. నేనే అన్నాను, వదిలేయమ్మా, మా ఆయనా ఫుట్‌బాల్ ముందు ఇంతే, ఇల్లు కాలినా లేవడు అని."

కూతురు దగ్గరికొచ్చి చొక్కా కాలర్ సర్దింది. "నువ్వలా ఉండగా నేనెప్పుడూ చూళ్ళేదు నాన్నా. పెదాలు కదుపుకుంటూ, చిన్నపిల్లాడిలా. కదపబుద్ధి కాలేదు. ఈ పుస్తకాన్ని నువ్వు తిడతావనే భయపడ్డాను ఇన్నాళ్ళూ. నువ్వే అందులో అలా మునిగిపోయి కనపడేసరికి, ఇంక నేనడగక్కర్లేదు, నాన్నకీ తెలిసింది, సరేనన్నట్టే అనుకున్నాను. సంతోషంగా వెళ్ళి పెట్టేశాను." కాలర్ మీంచి చెయ్యి తియ్యలేదు. "అంతేగా?"

నోట్లో ఆ వాక్యం అలాగే ఉంది, ఇంకా వెచ్చగా. ఇప్పుడంటే ఏమవుతుంది? పెట్టిన సంతకం వెనక్కి తీసుకునే పిల్ల కాదిది. గంట ముందైతే అది కారణం. ఇప్పుడు అది భయం, అంతే, బట్టలతో పాటు పెట్టెలో సర్దుకుని పట్టుకుపోతుంది, ఎక్కడో బారక్‌లో కళ్ళు తెరుచుకుని పడుకుని ఆ రాయి గురించి ఆలోచిస్తుంది. ఆ మొహంలోని సంతోషం చూశాడు కామెన్. తన వల్ల వచ్చిన సంతోషం. అది చూస్తూ ఆ మాటని నెమ్మదిగా మింగాడు.

"ఏదో చెప్తానన్నావు?" అంది దెనిత్సా. "కూర్చోమన్నావు?"

"ఏం లేదమ్మా. పుస్తకం బాగుంది."

ఆమె మెడ చుట్టూ చేతులేసి గట్టిగా పట్టుకుంది. తరవాత కోటు తొడుక్కుని, తండ్రి చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపిస్తూ, ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టింది. "దీనికి రెండో భాగం ఉంది నాన్నా, ఇంట్లో ఉంది, ఇవాళే ఇస్తాను. అందులో ఇవ్రా మళ్ళీ వెళ్తుంది. ఈసారి అవ్వ లేదు, వేరే ఓడ, అక్కడేమవుతుందంటే..."

"చెప్పకు" అన్నాడు కామెన్.